ల్యాప్‌టాప్ భద్రంగా వచ్చింది

ఆ దేశం పేరు నేను రాయను. రాయొద్దని నన్ను అడిగిన మనిషి ఇంకా అక్కడే ఉంది, రోజూ పొద్దున్నే అక్కడే ఉద్యోగానికి వెళుతోంది. మా ఆఫీసులో కూడా ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు గానీ, దానికి కారణం వేరు. చాలామందికి అది గుర్తుండేది కాదు. మీటింగుల్లో "ఆ లొకేషన్" అనేవారు. అక్కడ జనం మీద కాల్పులు జరిగిన రోజున "లొకేషన్‌లో చిన్న ఇష్యూ ఉంది" అన్నారు.

అప్పట్లో నేను రాయదుర్గం దగ్గర ఒక అద్దాల టవర్లో, ఒక ఐటీ కంపెనీలో పనిచేసేదాన్ని. ఉద్యోగుల ప్రయాణాలు, వీసాలు, బయటి దేశాల్లో వాళ్ళుండే ఇళ్ళు, ఇవి చూసుకోవడం నా పని. ఆ దేశ రాజధానిలో మా కంపెనీకి చిన్న ఆఫీసు ఉండేది. దానికి మేనేజరుగా ఇక్కణ్ణుంచి ఒకతన్ని పంపాం. నల్లగండ్లలో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నవాడు. అతను అక్కడున్నన్నాళ్ళూ ఆ ఫ్లాట్లో అతని భార్య, భార్యకు తోడుగా భీమవరం వైపు నుంచి వచ్చిన అతని అత్తగారు ఉండేవారు.

మేనేజరంటే పేరుకే. ఆ ఆఫీసును నడిపింది అక్కడి మనిషి, ముప్పై దాటిన ఒకామె. జీతాలు, కిరాయి, జనరేటరు, ప్రభుత్వ కాగితాలు అన్నీ ఆమెవే. మేనేజరుకు ఇల్లు వెతికింది ఆమె. గట్టి పెరుగు ఏ కొట్లో దొరుకుతుందో కనుక్కుని రెండు రోజులకోసారి తెప్పించింది కూడా ఆమే, ఎందుకంటే పెరుగు లేకపోతే ఈయనకు ముద్ద దిగదు. పొద్దున్నే ఆమె, నేను ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే. అందుకని మా మధ్య డాబు ఉండేది కాదు.

ఆ ఏడాది మొదట్లో అక్కడ కరెంటు ఛార్జీలు పెంచారు. జనం రోడ్డెక్కారు. అధ్యక్షుడు టీవీలోకొచ్చి వాళ్ళను బద్ధకస్తులన్నాడు. దాంతో కాలేజీ పిల్లలు కూడా కలిశారు. ఎండాకాలం వచ్చేసరికి పోలీసులు జనం మీదికి పెల్లెట్లు కొట్టడం మొదలుపెట్టారు. తూటాలు కావు, చిన్న చిన్న ఇనప రవ్వలు. మనిషిని చంపవు గనుక వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని అక్కడి మంత్రి ఒకాయన అన్నాడట. ఫోన్లో ఆమె మాట వెనక దబదబమని చప్పుళ్ళు వినిపించేవి. "ఏమిటది?" అంటే, "షాపుల షట్టర్లు దించుతున్నారు" అనేది. ఆమె గొంతులో ఏ తేడా ఉండేది కాదు.

మా దగ్గర క్రైసిస్ కమిటీ వేశారు. మా వైస్ ప్రెసిడెంటు దానికి పెద్ద. ప్రయాణాల పని చూస్తాను గనుక నన్ను కూడా కూర్చోబెట్టారు. కమిటీకి ఒక కాన్ఫరెన్స్ రూము, సమోసాలు, గోడ మీద ఒక తెర. ఆ తెర మీద ఒక్కో ఊరికి ఒక్కో రంగు. అంతా బాగుంటే ఆకుపచ్చ, కొంచెం తేడా ఉంటే నారింజ, ప్రమాదమైతే ఎరుపు. ఆ దేశంలో పార్లమెంటు పక్కనే ఉన్న రెండు ప్రభుత్వ భవనాలు తగలబడ్డ రోజు నేను ఎరుపు పెట్టమన్నాను.

వైస్ ప్రెసిడెంటు తల అడ్డంగా ఊపాడు. "రెడ్ పెడితే కస్టమరు అడుగుతాడు. ఆరెంజ్‌లోనే ఉంచండి. డార్క్ ఆరెంజ్."

ముదురు నారింజ అనే రంగు ఆ రోజే పుట్టింది. పక్కన కూర్చున్న ఒకాయన శ్రద్ధగా ఆ షేడు వెతికి పెట్టాడు. ఆ తెరకేసి చూస్తూ అందరూ తృప్తిగా చట్నీ నంజుకున్నారు.

తరువాత వారం అక్కడి ప్రభుత్వం ఇంటర్నెట్ కోసేసింది. మొబైల్ ఫోన్లూ పోయాయి. కర్ఫ్యూ పెట్టారు. మేనేజరు ఏమయ్యాడో మా కంపెనీలో ఒక్కరికీ తెలియదు. మూడో రోజున అతని భార్య, అత్తగారు ఆటోలో మా టవరుకు వచ్చారు. రిసెప్షన్లో మెడకు విజిటర్ కార్డులు తగిలించి సోఫాలో కూర్చోబెట్టారు. భార్య కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అత్తగారు మాత్రం కొంగు నడుముకు దోపుకుని, ఎవరిమీదో కబ్జా కేసు వేయడానికి వచ్చినట్టు కూర్చున్నారు. చెవులకు రాళ్ళ దుద్దులు, చేతిలో బియ్యం కంపెనీ గుడ్డసంచి.

వైస్ ప్రెసిడెంటు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, వీ ఆర్ క్లోజ్లీ మానిటరింగ్ ద సిట్యుయేషన్. మీరేం వర్రీ అవకండి."

"మానిటరింగ్ అంటే ఏవిటండీ?" అన్నారావిడ.

"అంటే... పరిస్థితిని జాగ్రత్తగా గమనిస్తున్నామండి."

"అంటే చూస్తూ కూర్చున్నారు. ఆ పని మేం ఇంట్లోనే చేస్తున్నాం కదండీ, దీనికి ఇంతమందెందుకు?"

ఆయన నవ్వి, ఇంకో మీటింగుందని వెళ్ళిపోయాడు. మీటింగులున్న మనిషిని ఎవరూ ఏమీ అనలేరు. ఆ దేశం అధ్యక్షుడికి కూడా బహుశా అలాగే ఉండి ఉంటాయి.

వాళ్ళను లిఫ్టు దాకా దిగబెడుతూ నేను మెల్లగా చెప్పాను. "అమ్మా, ఆ ఆఫీసామె ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు నా దగ్గరుంది. కంపెనీ ఫోన్ నుంచి చేయొద్దన్నరు, అంతా కమిటీ నుంచే పోవాలట. నా ఫోన్ నుంచి చేస్త. రేపు తినే టైముకు కింద చాయ్ బండి కాడికి రండి."

మరునాడు మధ్యాహ్నం ఫ్లైఓవర్ కింద, చాయ్ గ్లాసుల గలగల మధ్య ఆ నంబరు కలిపాను. చాలాసేపు మోగాక ఆమె ఎత్తింది. మేనేజరు తమ ఇంట్లోనే ఉన్నాడంది. అతనున్న వీధిలో ఇళ్ళలోకి చొరబడుతున్నారని విని ఆమె, వాళ్ళ అన్న వెళ్ళి తమ ఇంటికి తీసుకొచ్చారట. అన్న ఒక బడికి వ్యాను తోలేవాడు. సందులన్నీ తెలిసినవాడు. ఇంట్లో వాళ్ళిద్దరూ, వాళ్ళమ్మా. ఇంట్లో ఉన్న ఒకే ఒక పడకగది మేనేజరుకిచ్చి ముగ్గురూ వంటింట్లో పడుకుంటున్నారు.

నేను తెలుగులో చెబుతుంటే అత్తగారు నా ఫోను లాక్కున్నారు. "అమ్మాయ్, నీ కడుపు చల్లగా ఉండాలి. వేళకు తింటున్నాడా?" అని తెలుగులోనే అరిచారు. అవతల ఆమెకు ఏమర్థమైందో గానీ, ఇంగ్లీషులో జవాబిచ్చింది. "తింటున్నారు. ఎండు చేప తినరట. పెరుగు అడిగారు. కొట్లు మూసేశారని చెప్పాం."

అది అనువదించి చెప్పాను. అత్తగారి పెదవి కొంచెం వంకర తిరిగింది.

ఆ తరువాత రోజూ ఆ చాయ్ బండి దగ్గరే కలిసేవాళ్ళం. ఆ ఫోన్లలోనే నాకు ఆమె ఎవరో, వాళ్ళమ్మ ఎవరో, వాళ్ళ వీధెలా ఉంటుందో తెలిసింది. కాల్పులు దగ్గరికి వచ్చినప్పుడు మేనేజరు మంచం కింద దూరేవాడట. భయపడటంలో తప్పేముంది, నేనైనా దూరేదాన్ని. కానీ ఆ చప్పుడు ఆగాక బయటికొచ్చి, ఇంట్లో ఏసీ లేదేమని విసుక్కునేవాడట. అది ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. మా ఆఫీసుకు ఇన్‌ఫర్మేషన్‌గా చెప్పింది.

ఒక రోజు ఇంటర్నెట్ కొన్ని గంటలు వదిలారు. సరిగ్గా అప్పుడు మా కమిటీ నుంచి ఒక మెయిల్ వెళ్ళింది. "మనుషులు క్షేమంగా ఉండటమే మనకు ముఖ్యం" అని మొదటి వాక్యం. రెండో వాక్యం: కస్టమర్ డేటా ఉన్న పరికరాలన్నిటినీ వెంటనే భద్రపరచాలి. మేనేజరు ల్యాప్‌టాప్ ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ మెయిల్ రాసేటప్పుడే నేనడిగాను.

"కర్ఫ్యూల ఎవరు పోయి తెస్తరు సార్?"

"లోకల్ టీమ్ విల్ ఫిగర్ ఇట్ అవుట్" అన్నాడు వైస్ ప్రెసిడెంటు, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే.

లోకల్ టీమ్ అంటే ఆమె. మేనేజరు ఆ మెయిల్ చూసినప్పటి నుంచి ఆమె ప్రాణం తీశాడు. ల్యాప్‌టాప్ పోతే తన కెరీర్ పోతుందన్నాడు. తను వెళ్ళడానికి మాత్రం లేదు, విదేశీయుడు కదా. చివరికి అన్న లేచాడు. కర్ఫ్యూ సడలించిన పూట వ్యాను తీసుకుని వెళ్ళాడు. ఆఫీసు తాళం తీశాడు, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకున్నాడు, తిరిగొస్తుంటే కూడలి దగ్గర జనాన్ని తరుముతున్న పోలీసులు ఎదురయ్యారు. వ్యాను దిగి గోడవారకు జరిగాడు. అతనికి ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఎడమ కంట్లో పెల్లెట్లు దిగాయి.

ఆ మధ్యాహ్నం ఫోనెత్తినప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పింది. "అన్న ఆస్పత్రిలో ఉన్నాడు. ఎడమ కన్ను పోయిందంటున్నారు. బ్యాగు, వ్యాను ఇంటికి చేరాయి. పక్కింటివాళ్ళు తెచ్చిచ్చారు. కమిటీకి చెప్పండి, ల్యాప్‌టాప్‌కు ఏం కాలేదు."

నేను అత్తగారికి చెప్పాను. ఆవిడ చాయ్ గ్లాసు బండ మీద పెట్టారు.

"ఆయనెందుకు వెళ్ళాడమ్మా బయటికి?"

"మీ అల్లుడుగారి ల్యాప్‌టాప్ కోసం పోయిండట."

"మా అల్లుడుగారు?"

"ఇంట్లనే ఉన్నరట."

ఆవిడ ఆటో పిలిచి ఎక్కారు. ఆ రోజు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

రెండు రోజుల తరువాత విమానాలు మొదలయ్యాయి. టికెట్టు నేనే తీశాను. తెల్లవారుజామున ఆమె అన్న వ్యాను తనే తోలుకుంటూ మేనేజరును విమానాశ్రయంలో దింపింది. దారిలో మూడు చోట్ల ఆపి సోదా చేశారట. ప్రతిచోటా ఆమె దిగి మాట్లాడింది. అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి, అన్న దగ్గరికి వెళ్ళింది.

శంషాబాదులో మనవాడికి బొకేలు, బెలూన్లు. ల్యాప్‌టాప్ బ్యాగును గుండెకు హత్తుకుని దిగాడు. "సేఫ్" అని బొటనవేలు చూపించాడు. ఆ ఫోటో కంపెనీ లోపలి వెబ్‌సైటు మొదటి పేజీలో వారం రోజులుంది.

ఆపైన సన్మాన సభ. పెద్ద హాల్లో ఉద్యోగులందరినీ, వాళ్ళ కుటుంబాలనూ పిలిచారు. మేనేజరు కాలర్ మైకు పెట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు. గ్రౌండ్‌లో పరిస్థితి ఎలా ఉందో, తను ఎలా ధైర్యం కోల్పోలేదో చెప్పాడు. "ఐ అరేంజ్డ్ ఎ సేఫ్ హౌస్" అన్నాడు. "ఐ అరేంజ్డ్ ఎ లోకల్ వెహికల్" అన్నాడు. ఆ దేశ రాజకీయాల మీద ఒక స్లైడు కూడా పెట్టాడు. మంచం కిందినుంచి అతనికి అంత రాజకీయం కనిపించింది. చివరికి "క్లయింట్ డేటా ఒక్క బైట్ కూడా లాస్ అవలేదు" అనగానే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఆగాక రెండో వరసలో అత్తగారు లేచారు. మా ప్రాంతంలోనే కాదు, ఎక్కడైనా సరే, అల్లుణ్ణి నలుగురిలో నిలదీసే అత్తగారు ఉండరు. ఆవిడ గొంతు పెంచలేదు.

"అల్లుడుగారూ, అంతా చెప్పారు గానీ, కన్ను పోగొట్టుకున్నాయన సంగతి చెప్పలేదండి. మర్చిపోయినట్టున్నారు. ఆయన చెల్లెలే కదండీ మిమ్మల్ని వ్యానులో తీసుకొచ్చింది?"

స్టేజీ మీద మనవాడు నవ్వుతున్నట్టే ఉండిపోయాడు. హాల్లో సగంమందికి తెలుగు రాదు. నా వెనక వరసలో ఒకతను పక్కవాణ్ణి ఆవిడేమందని అడిగాడు. పక్కవాడు, "షి ఈజ్ బ్లెస్సింగ్ హిమ్" అన్నాడు. అంతే, మళ్ళీ చప్పట్లు. వైస్ ప్రెసిడెంటు మైకందుకుని, "వాట్ ఎ మూమెంట్! మదర్స్ ఎమోషన్!" అన్నాడు. ఆ మనిషికి తెలుగు వచ్చు. రాజమండ్రిలో చదువుకున్నాడు. స్నాక్స్ రెడీగా ఉన్నాయని ప్రకటించి అందరినీ బయటికి నడిపించాడు.

మరుసటి కమిటీ మీటింగులో నేను ఆ అన్న వైద్యం సంగతి ఎత్తాను. కంటి వైద్యానికి మన ఊరు పెట్టింది పేరు, ఇక్కడికి పిలిపిద్దామన్నాను.

"హి ఈజ్ నాట్ అవర్ ఎంప్లాయీ" అన్నాడు వైస్ ప్రెసిడెంటు. "ఆమె బ్రదర్. పాలసీలో రాదు."

"ఆయన తెచ్చిన ల్యాప్‌టాప్ మనదే గద సార్."

"దట్ ఈజ్ యాన్ అసెట్."

ఆ గదిలో ఇంకా ఎనిమిదిమంది దాకా ఉన్నారు. అందరూ చదువుకున్నవాళ్ళు, అందరికీ రెండు కళ్ళూ ఉన్నాయి. అన్నీ సమోసాల పళ్ళెం మీదే ఉన్నాయి.

అదంతా నేను అత్తగారికి ఫోన్లో చెప్పాను. ఆవిడ "వాళ్ళనడిగేదేవిటమ్మా, వాళ్ళిల్లా? మనింటికి రమ్మనండి" అన్నారు. నాకు చేతనైంది నేను చేశాను. వీసా పని నాకు కొట్టిన పిండి. ఆస్పత్రి నుంచి పిలుపు కాగితం తెప్పించాను. రెండు నెలలు పట్టింది. ఈలోగా అక్కడ అధ్యక్షుడు రాత్రికి రాత్రి దేశం వదిలి పారిపోయాడు. అతని స్థానంలో అతని పాత సేనాపతి వచ్చి, శాంతి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెల్లెట్ తుపాకులు మాత్రం అవే పోలీసుల చేతుల్లో ఉన్నాయి.

అన్నా చెల్లెళ్ళు నల్లగండ్ల ఫ్లాట్లో దిగారు. అతను నలభై దాటిన బక్కపల్చటి మనిషి. నల్ల కళ్ళద్దాలు, చొక్కా జేబులో దువ్వెన. అత్తగారు వాళ్ళకు హాలు పక్క గది ఇచ్చారు. అల్లుడి ఆఫీసు గది అది. వాళ్ళు వచ్చిన మరునాడే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడ్డాడు. నేను అప్పుడక్కడే ఉన్నాను.

"అమ్మా, జర సమజ్ చేసుకోండ్రి. ఆ దేశంల లొల్లి నడుస్తుంది. వీళ్ళెవరో ఏందో. గ్రూపుల అందరు పరేషాన్ అయితున్నరు."

"చుట్టాలండి మాకు" అన్నారావిడ.

"ఏం చుట్టరికం అమ్మా?"

"మా అల్లుణ్ణి వారం రోజులు వాళ్ళింట్లో దాచి ప్రాణాలతో పంపించారు. మీకు అంత దగ్గర చుట్టాలెవరన్నా ఉంటే చెప్పండి, వాళ్ళనీ పిలుద్దాం. కాఫీ తాగుతారా?"

ఆయన తాగలేదు. గ్రూపులో ఇంకో పదిరోజులు గుసగుసలు నడిచాయట. ఆ తరువాత ఎవరో పార్కింగులో కారు గీకడంతో అందరూ దానిమీద పడ్డారు.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పిందేమిటంటే, చూపు రాదు. లోపల మిగిలిన రవ్వలు తీసేస్తే నొప్పి తగ్గుతుంది, చూడటానికి కృత్రిమ కన్ను పెట్టొచ్చు. అన్న అది విని తలూపాడు. ఒక కన్నుతో బడి వ్యాను తోలనిస్తారా అని అడిగాడు. వాళ్ళ దేశం సంగతి తనకు తెలియదన్నాడు డాక్టరు. చెల్లెలికి తెలుసు. తోలనివ్వరు.

వాళ్ళున్నన్నాళ్ళూ మేనేజరుకు ఆఫీసు మీద విపరీతమైన ప్రేమ పుట్టింది. అంతకుముందు ఇంటినుంచే పని చేస్తానని పోట్లాడిన మనిషి, పొద్దున ఏడింటికే బయల్దేరేవాడు. ఒక ఆదివారం మాత్రం అత్తగారు వదల్లేదు. "వచ్చినవాళ్ళకు ఊరు చూపించరా అండీ?" అని కారు తీయించారు. నన్నూ రమ్మన్నారు. ఖాజాగూడ చెరువు వైపు వెళ్ళాం. అన్నకు అక్కడి రాళ్ళు నచ్చాయి. ఎవరో కావాలని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయని, ఫోన్లో ఫోటోలు తీసుకుంటున్నాడు.

అప్పుడే దగ్గర్లో ఎక్కడో కొత్త టవరు పునాదికి బండ పేల్చారు. ఆ పేలుళ్ళు మాకు అలవాటు. ఇంట్లో గిన్నెలు అదిరినా పట్టించుకోం. అన్న మాత్రం ఫోను వదిలేసి నేలమీద పడిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని దుమ్ములో పడి ఉన్నాడు.

మేనేజరు నవ్వాడు. గట్టిగా కాదు, ఇబ్బందితో వచ్చే చిన్న నవ్వు. "రిలాక్స్, ఇట్స్ జస్ట్ కన్‌స్ట్రక్షన్" అన్నాడు.

చెల్లెలు అన్న పక్కన కూర్చుని, అతని వీపు మీద చేయివేసింది. తలెత్తి మేనేజరును చూసింది. అన్ని నెలలుగా ఆమె గొంతు పెరగడం నేను వినలేదు. అప్పుడూ పెరగలేదు.

"మీరు మా అమ్మ మంచం కింద ఉన్నప్పుడు మేము నవ్వలేదు" అంది.

అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ, నా వైపు తిరిగి అడగలేదు కూడా. వంగి అన్న ఫోను తీసి, కొంగుతో దుమ్ము తుడిచి అతని చేతికిచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు కార్లో భీమవరం దగ్గర చేపల చెరువుల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను అనువదిస్తూనే ఉన్నాను. స్టీరింగు దగ్గర మనిషి అద్దంలోకి కూడా చూడలేదు.

ఆ మాటతో అతను మారాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారలేదు. అలాంటివాళ్ళు మారడానికి లోపల ఏదో ఒకటి విరగాలి. అతనిలో విరగడానికి ఏమీ లేదు. మరుసటి నెల "సంక్షోభంలో నాయకత్వం" మీద ఒక పెద్ద వ్యాసం రాసుకుని ఇంటర్నెట్‌లో పెట్టాడు. దానికింద వందలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ తరువాత ప్రమోషన్ వచ్చింది. అక్కడి ఆఫీసు మూసేశారు. ఆ కబురు ఆమెకు వీడియో కాల్లో చెప్పింది వైస్ ప్రెసిడెంటే. "ఇది మీ పనితనం మీద తీర్పు కాదు" అని కాగితం చూసి చదివాడు. ఆమె థాంక్యూ అని, జనరేటరు ఎవరికి అప్పగించాలని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. ఆఫీసులో జనరేటరు ఉందని ఆయనకు తెలియదు.

నేను ఆ సంవత్సరం చివర్లో ఉద్యోగం మానేశాను. ఇదేమీ త్యాగం కాదు. శేరిలింగంపల్లిలో ఇంకో చోట ఇంతకంటే దగ్గర పని దొరికింది. అక్కడా ఒక కమిటీ ఉంది. నేను అందులో లేను.

ఆమె ఇప్పుడు అక్కడ ఒక మందుల కంపెనీలో పనిచేస్తోంది. అన్న వ్యాను అమ్మేసి ఇంటి ముందే చిన్న కొట్టు పెట్టాడు. అత్తగారు ఇప్పటికీ వాళ్ళింటి ల్యాండ్‌లైన్‌కు తనే ఫోన్ చేస్తారు. ఆవిడ తెలుగులో మాట్లాడతారు, అవతల వాళ్ళమ్మ వాళ్ళ భాషలో మాట్లాడుతుంది. మొన్న నల్లగండ్ల వెళ్ళినప్పుడు నా ముందే చేశారు. ఏం మాట్లాడుకుంటారమ్మా ఇంతసేపు, అని అడిగాను.

"ఏవో మా బాధలమ్మా" అన్నారావిడ, రిసీవరు చేత్తో మూసి. "ఆవిడ వాళ్ళ ప్రభుత్వాన్ని తిడుతున్నట్టుంది. నేను మా అల్లుణ్ణి తిడుతున్నాను."